షటిల్ రాకముందే కదిలే కాళ్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో చాలా భాగం ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. ప్రత్యర్థి ఏ షాట్ ఆడబోతున్నాడో ముందుగా పసిగట్టడం, అంటే కోర్టుల దగ్గర కోచ్‌లు యాంటిసిపేషన్ అని పిలిచే నైపుణ్యం, పుట్టుకతో రావలసిందేనా లేక నేర్పితే వస్తుందా అన్నదే ఆ ఉత్తరాల సారం. వాటిలోంచి అయిదింటిని ఎంచుకుని జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయికి 13 ఏళ్లు. నాలుగేళ్లుగా బ్యాడ్మింటన్ ఆడుతోంది. కోచ్ గారు రోజూ గంటన్నర సేపు మల్టీ షటిల్ ఫీడింగ్ చేయిస్తారు. అందులో దాని కాళ్ల వేగం చూసి అందరూ మెచ్చుకుంటారు. మ్యాచ్‌లోకి దిగితే మాత్రం ప్రతి షటిల్‌కూ అర అడుగు ఆలస్యం. రిఫ్లెక్స్ తక్కువని, దీపాల బోర్డు మీద శిక్షణ, కంటి వ్యాయామాల కోర్సు ఇప్పించమని తెలిసినవారు చెబుతున్నారు. ఖర్చు మాకు భారమే అయినా పెట్టడానికి సిద్ధంగా ఉన్నాం. ఇప్పించమంటారా?
ఒక తండ్రి, తణుకు

జవాబు: ఇప్పించవద్దండి. ఆ డబ్బు అమ్మాయిని నాలుగు టోర్నమెంట్లకు తీసుకువెళ్లడానికి దాచండి. ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మీలాంటి తల్లిదండ్రులు ఈ విషయంలో తరచుగా దారి తప్పుతున్నారు.

ముందు లెక్క చూద్దాం. బ్యాడ్మింటన్ కోర్టు మొత్తం పొడవు 13.40 మీటర్లు. మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023 ఏప్రిల్‌లో జపాన్‌లోని సోకాలో కొట్టిన స్మాష్ (పైనుంచి బలంగా కిందికి కొట్టే షాట్) గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ రికార్డుగా నమోదైంది. అది రాకెట్ నుంచి విడిపడిన క్షణంలో ఉండే వేగం. షటిల్ ఈకలు గాలిని అడ్డగించడం వల్ల అవతలివాడిని చేరేసరికి అందులో చిన్న భాగమే మిగులుతుంది. అయినప్పటికీ, మీ అమ్మాయి వయసువాళ్లు కొట్టే మంచి స్మాష్‌కు కూడా ఎదుటివారిని చేరడానికి అర సెకను పట్టదు. ఇక మనిషి సంగతి. దీపం వెలగగానే మీట నొక్కడమనే అతి తేలికైన పనికే ఆరోగ్యవంతుడైన మనిషికి దాదాపు 0.2 సెకను కావాలి. రెండు మూడు దారుల్లో ఒకటి ఎంచుకోవలసి వస్తే అది ఇంకా పెరుగుతుంది. ఆ తరువాత అడుగు వేయాలి, చేయి చాపాలి, రాకెట్ తిప్పాలి. షటిల్ ఎటు వస్తోందో చూసిన తరువాతే కదిలేవారికి ఈ లెక్కలో సమయం మిగలదు. దీపాల బోర్డు మీద నెలల తరబడి సాధన చేసి ఆ 0.2 సెకనులో కొద్దిగా తగ్గించుకున్నా పెద్దగా ఒరిగేది లేదు. మేటి ఆటగాళ్లకూ మామూలు ఆటగాళ్లకూ ఇలాంటి తేలికైన ప్రతిచర్య పరీక్షల్లో కనిపించే తేడా, కోర్టులో వారి మధ్య కనిపించే తేడాకు కారణం కాగలిగినంత పెద్దది కాదు.

మరి వాళ్లు ఎలా అందుకుంటున్నారు? ఆస్ట్రేలియా శాస్త్రవేత్త బ్రూస్ అబర్నెతీ, ఆయన సహచరుడు రసెల్ 1987లో ప్రచురించిన పరిశోధన దీనికి జవాబు చెప్పింది, అది బ్యాడ్మింటన్ మీద చేసినదే. ఆటగాడు షాట్ కొడుతున్న ఫిల్మును ఎదుటి ఆటగాడి చోటు నుంచి తీసి, రాకెట్‌కు షటిల్ తగలడానికి సుమారు 0.17 సెకను ముందు ఒకసారి, 0.08 సెకను ముందు ఒకసారి, తగిలే క్షణంలో ఒకసారి, ఇలా వేర్వేరు చోట్ల తెరను నల్లగా చేసి, షటిల్ ఎక్కడ పడుతుందో చెప్పమన్నారు. ఆరితేరినవారు 0.17కూ 0.08కీ మధ్య ఉన్న ఆ కాస్త వ్యవధిలోనే ఉపయోగపడే సమాచారాన్ని పట్టుకున్నారు. కొత్తవారికి ఆ వ్యవధి ఏమీ చెప్పలేదు. తరువాత తెర మీద ఒక్కొక్క శరీర భాగాన్ని కప్పేసి అదే ప్రశ్న వేశారు. రాకెట్‌ను కప్పేస్తే అందరి అంచనా దెబ్బతింది. చేతిని కప్పేస్తే ఆరితేరినవారి అంచనా మాత్రమే దెబ్బతింది. అంటే కొత్తవారు రాకెట్‌ను చదువుతుంటే, అనుభవజ్ఞులు రాకెట్ కంటే ముందు కదిలే చేతిని కూడా చదువుతున్నారన్నమాట. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే సంగతి మరొకటి ఉంది. ఇద్దరి చూపులనూ కొలిస్తే, వారి కళ్లు దాదాపు ఒకే చోట్ల తిరుగుతున్నాయని తేలింది. చూపు ఒకటే అయినా, చూసినదానిలో అర్థం తెలియడం దగ్గరే తేడా ఉంది. 2001లో అబర్నెతీ, కంటి శాస్త్రవేత్త జోఆన్ వుడ్ కలిసి కంటి వ్యాయామాల శిక్షణను విడిగా పరీక్షించినప్పుడు కూడా, ఆ శిక్షణ పొందినవారి ఆట పొందనివారి ఆటను మించి మెరుగుపడలేదు. మీ అమ్మాయికి దూరం సరిగా కనిపించకపోతే కంటి వైద్యుడికి చూపించి అద్దాలు పెట్టించండి. చూపు బాగుంటే కళ్లకు చేయవలసింది ఇంకేమీ లేదు.

ఇప్పుడు మల్టీ షటిల్ సంగతికి వస్తాను, మీ అమ్మాయి ఇబ్బందికి మూలం అక్కడే ఉందని నా నమ్మకం. కోచ్ నెట్ దగ్గర నిలబడి, ఎడమ చేతిలో షటిళ్ల దొంతర పట్టుకుని, చిన్న మణికట్టు కదలికతో ఒకదాని తరువాత ఒకటి పంపుతారు. ఆ కదలికలో భుజం తిరగదు, మోచేయి లేవదు, శరీరం వెనక్కి వంగదు. స్మాష్‌కూ, నెట్ దాటగానే పడే డ్రాప్‌కూ, వెనక గీత దాకా ఎత్తుగా వెళ్లే టాస్‌కూ ముందు ప్రత్యర్థి ఒంట్లో కనిపించవలసిన తేడాలేవీ అందులో ఉండవు. పైగా చాలాసార్లు వరుస ముందే తెలిసి ఉంటుంది. ఈ సాధన వల్ల కాళ్లకు బలం, ఊపిరికి దమ్ము, అడుగులకు క్రమం వస్తాయి. అది చిన్న విషయమేమీ కాదు, మానమని నేను చెప్పను. అయితే రోజుకు గంటన్నర అదే చేస్తే, నాలుగేళ్లలో మీ అమ్మాయి ఎన్ని వేల షటిళ్లు అందుకున్నా, ఎదుటి మనిషి స్వింగ్‌ను చదివే అవకాశం మాత్రం చాలా తక్కువ సార్లు దొరికి ఉంటుంది. టెన్నిస్‌లో 2005లో వచ్చిన ఒక పరిశోధనలోనూ ఇదే కనిపించింది: మంచి ఆటగాళ్లు బంతి యంత్రం ఎదుట కంటే నిజమైన ఆటగాడి ఎదుట త్వరగా కదిలారు. మనిషి నుంచి ముందస్తు కబురు అందుతుంది, యంత్రం నుంచి అందదు.

కోచ్ గారితో మర్యాదగా ఒక్క మాట మాట్లాడండి. గంటన్నరలో 40 నిమిషాలు తగ్గించి, ఆ సమయంలో తనకంటే కొంచెం పెద్దవాళ్లతో, వేర్వేరు శైలులవాళ్లతో ఆడించమనండి. ఫీడింగ్ ఉన్నప్పుడు కూడా వీలైనంతవరకు వెనక కోర్టు నుంచి పూర్తి స్వింగ్‌తో పంపమని కోరండి. ఫలితం ఒక వారంలో కనిపించదు, కొన్ని నెలలు ఓపిక పట్టండి.

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. సాయంత్రం 20 మంది పిల్లలకు రెండు కోర్టుల్లో బ్యాడ్మింటన్ నేర్పుతాను. విదేశాల్లో వాడే ప్రత్యేక కళ్లద్దాలు, పెద్ద తెరలు మాకు అందవు. నా దగ్గర ఉన్నది ఒక స్మార్ట్ ఫోన్. దీనితో ఏమైనా చేయవచ్చునా?
ఒక ఉపాధ్యాయుడు, కరీంనగర్ జిల్లా

జవాబు: చాలా చేయవచ్చు మాస్టారూ. మీలాంటివారి కోసమే ఈ జవాబు కొంచెం నిడివిగా రాస్తున్నాను.

ఫోన్‌ను ఎక్కడ పెడతారన్నది మొదటి సంగతి. గోడ పక్క నుంచో గ్యాలరీ నుంచో తీసిన వీడియో ఇందుకు పనికిరాదు. షాట్ అందుకునే పిల్లవాడు నిలబడే బేస్ (కోర్టు నడిమధ్య చోటు) దగ్గర, అతని కంటి ఎత్తులో ఫోన్ ఉండాలి. నెట్‌కు అవతల వెనక గీత దగ్గర మీ పెద్ద పిల్లల్లో ఒకరిని నిలబెట్టి, ఎత్తుగా పంపిన షటిల్‌ను ఒకసారి టాస్, ఒకసారి డ్రాప్, ఒకసారి స్మాష్‌గా, వరుస లేకుండా కొట్టించండి. అలా నలుగురైదుగురు ఆటగాళ్లను తీయండి, వాళ్లలో ఎడమచేతివాటం ఉన్నవారు ఒకరైనా ఉండేలా చూడండి. ఎడమచేతి ఆటగాళ్ల షాట్లను పసిగట్టడంలో అందరూ ఎక్కువగా పొరబడతారని టెన్నిస్‌లో చేసిన పరిశోధనల్లో తేలింది. వాళ్లను తక్కువసార్లు చూడడమే అందుకు ముఖ్య కారణంగా చెబుతారు.

సాధారణ ఫోన్ వీడియోలో సెకనుకు 30 ఫ్రేములు ఉంటాయి. రాకెట్‌కు షటిల్ తగిలే ఫ్రేము నుంచి వెనక్కి అయిదు ఫ్రేములు లెక్కపెడితే, పైన చెప్పిన 0.17 సెకను అవుతుంది; రెండు మూడు ఫ్రేములు వెనక్కి వెళ్తే 0.08 సెకను. ఫోన్‌లోనే ఉండే కత్తిరింపు సదుపాయంతో క్లిప్పులను అక్కడ ఆపివేయండి. మొదటి వారం షటిల్ తగిలే క్షణం వరకు చూపించండి. పిల్లలు ఎక్కువసార్లు సరిగా చెప్పగలిగినప్పుడు రెండు ఫ్రేములు తగ్గించండి, ఆ తరువాత అయిదు. ప్రతి క్లిప్పు తరువాత షటిల్ నిజంగా ఎక్కడ పడిందో పూర్తి వీడియోలో తప్పకుండా చూపించాలి. తాము ఊహించింది ఒప్పో తప్పో తెలియకపోతే పిల్లలకు నేర్చుకోవడానికి ఏమీ దొరకదు.

పిల్లలను కింద కూర్చోబెట్టి నోటితో జవాబు చెప్పించకండి. రాకెట్ చేతపట్టి, స్ప్లిట్ స్టెప్ (రెండు పాదాలూ ఎడంగా దిగే చిన్న గెంతు) వేసి, ఏ మూలకు అనుకుంటున్నారో ఆ వైపు మొదటి అడుగు వేయాలి. కోర్టులో కంటికీ నోటికీ మధ్య సంబంధంతో పని లేదు, కంటికీ కాలికీ మధ్య ఉండాలి. వారానికి మూడు రోజులు, రోజుకు 15 నిమిషాలు చాలు. అంతకంటే ఎక్కువైతే పిల్లల శ్రద్ధ సడలుతుంది.

పిల్లలు ఎక్కడ చూడాలన్నది మీకు వెంటనే ఎదురయ్యే ప్రశ్న. జర్మనీలో నార్బర్ట్ హాగెమన్, ఆయన సహచరులు 2006లో బ్యాడ్మింటన్ వీడియోల మీద పారదర్శకమైన ఎర్రటి మచ్చను కదిలించి, చూపును మొదట మొండేనికి, తరువాత చేతికి, చివరగా రాకెట్‌కు నడిపించారు. ఆ శిక్షణ వల్ల కొత్తగా నేర్చుకునేవారి అంచనా మెరుగుపడింది. మీరు ఎర్ర మచ్చ వేయలేకపోయినా, షాట్ కొట్టే పిల్లవాడి మోచేతికి ఎర్ర రుమాలు కట్టవచ్చు. ఇది పరిశోధన చెప్పిన చిట్కా కాదు, నా సొంత ఆలోచన. దాని వల్ల పిల్లల చూపు షటిల్ మీది నుంచి మళ్లి కొట్టేవారి ఒంటి మీదకు వస్తుంది. మొండెం ఎంత తిరిగింది, మోచేయి ఎంత వేగంగా ముందుకు వచ్చింది, షటిల్‌ను తలకు ముందు అందుకుంటున్నారా, నెత్తి మీదా, వెనకా అన్నవి చూడమనండి. షటిల్ నెత్తి దాటి వెనక్కి పోయినప్పుడు బలమైన స్మాష్ కొట్టడం ఎవరికైనా కష్టం. బ్యాక్‌హ్యాండ్ మూలలో ఆలస్యంగా అందుకుంటున్న మామూలు ఆటగాడికి నేరుగా ఆడే డ్రాప్, పొట్టి టాస్ తప్ప పెద్దగా దారులు ఉండవు. నెట్ దగ్గర షటిల్‌ను మోకాలి ఎత్తుకు దిగిన తరువాత అందుకునేవారు లిఫ్ట్ చేసే, అంటే కింది నుంచి ఎత్తుగా వెనక్కి పంపే అవకాశమే ఎక్కువ. ఇలాంటి సంగతులు మీరు ముందుగా చెప్పేయకుండా, 'ఇప్పుడు ఎందుకు డ్రాప్ అనుకున్నావు?' అని అడిగి వాళ్ల చేతనే చెప్పించండి. బ్రిటన్‌లో నికోలస్ స్మీటన్, ఆయన సహచరులు 2005లో టెన్నిస్ పిల్లలను మూడు బృందాలు చేసి, ఒక బృందానికి సూచనలన్నీ విడమరచి చెప్పారు, ఒక బృందానికి దారి చూపి కనుక్కోమన్నారు, మూడో బృందాన్ని సొంతంగా కనుక్కోమని వదిలేశారు. మూడూ మెరుగుపడ్డాయి. సొంతంగా కనుక్కున్నవారికి ఎక్కువ సమయం పట్టింది. అయితే ఒత్తిడి పెట్టి పరీక్షించినప్పుడు, అన్నీ విడమరచి చెప్పించుకున్నవారి నిర్ణయాలే దెబ్బతిన్నాయి. మధ్య దారి మీ పిల్లలకు సరిపోతుందని నా అభిప్రాయం.

వీడియో అయిపోగానే కోర్టులోకి తీసుకువెళ్లండి. సగం కోర్టులో ఇద్దరు ఆడాలి. వెనకవాడు నేరుగా టాస్ గానీ నేరుగా డ్రాప్ గానీ మాత్రమే ఆడాలి, ముందువాడు రెండింటినీ తిరిగి వెనక్కే ఎత్తాలి. రెండే అవకాశాలు ఉంటే ముందువాడు షటిల్‌ను వెంబడించడం మాని మనిషిని చదవడం మొదలుపెడతాడు. అది కుదిరాక స్మాష్ చేర్చండి, ఆ తరువాత మూలకు మూలగా ఆడే క్రాస్ షాట్లు. జోడీలను ప్రతి అయిదు నిమిషాలకూ మార్చండి, లేకపోతే ఆ ఒక్క స్నేహితుడి అలవాట్లే నేర్చుకుంటారు. డబుల్స్ ఆడేటప్పుడు నెట్ దగ్గర ఉన్నవారు వెనక్కి తిరిగి తన జోడీ వైపు చూడకూడదు; ఎదుటివారి రాకెట్లు లేస్తున్నాయా దిగుతున్నాయా అన్నది చూస్తే వెనక ఏం జరుగుతోందో తెలుస్తుంది.

నెట్‌కు దుప్పటి కట్టి, షటిల్ దాని పైనుంచి వచ్చాకే కనిపించేలా చేసే సాధన కొన్ని చోట్ల ఉంది. అది డిఫెన్స్‌లో చేతి వేగానికి పనికొస్తుంది గానీ, మనం మాట్లాడుకుంటున్న నైపుణ్యానికి పూర్తిగా విరుద్ధం. పసిగట్టడానికి అవసరమైన భాగాన్నే అది దాచేస్తుంది.

ప్రశ్న: కాలేజీ జట్టులో సింగిల్స్ ఆడుతాను. ఏడాదిగా ప్రత్యర్థుల చేతిని చదవడం నేర్చుకున్నాను, మామూలు ఆటగాళ్ల మీద తేలికగా గెలుస్తున్నాను. కానీ చేయి ఆపి, మోసగించి ఆడేవారి చేతిలో మునుపటి కంటే ఘోరంగా ఓడిపోతున్నాను. చదవడం మానేయమంటారా?
ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: మానవద్దమ్మా. నువ్వు నేర్చుకున్నదానిలో సగమే నేర్చుకున్నావు, మిగతా సగం ఎప్పుడు కదలాలన్నది.

మోసం చేసే ఆటగాళ్లు నువ్వు చదువుతున్న గుర్తులనే ఆయుధంగా వాడతారు. ప్రకాశ్ పదుకోన్ 1980లో ఆల్ ఇంగ్లండ్ ఫైనల్లో ఇండోనేషియా దిగ్గజం లీమ్ స్వీ కింగ్‌ను వరుస గేముల్లో ఓడించారు. కింగ్‌ది ఎగిరి కొట్టే స్మాష్, ప్రకాశ్‌ది నెమ్మదిగా, చివరి క్షణం వరకు దాచి ఆడే ఆట. మన కాలంలో తైవాన్ క్రీడాకారిణి తై జు యింగ్ ఇందులో ఆరితేరినది. ఆమె రాకెట్‌ను ముందుకు చాపి ఒక్క లిప్తపాటు అలాగే ఆపేది, ఎదుటివారు కదలగానే షటిల్‌ను ఇంకో వైపు పంపేది. పాదాలు ఒకసారి కదిలిపోయినవారికి వెనక్కి రావడానికి సమయం ఉండదు.

నీ దగ్గర జరుగుతున్నది ఇదే అనుకుంటున్నాను: గుర్తు కనిపించగానే పూర్తి అడుగు వేసేస్తున్నావు. చదివినదాన్ని బరువు మార్చుకోవడానికి మాత్రమే వాడు. ప్రత్యర్థి రాకెట్ షటిల్‌కు తగిలే క్షణానికి నీ స్ప్లిట్ స్టెప్ నేలను తాకుతూ ఉండాలి. ఆ దిగడంలోనే, నువ్వు అనుకున్న వైపు తోసుకోవడానికి వీలుగా అవతలి పాదం మీద కొంచెం ఎక్కువ బరువు పడాలి, అంతే. ఊహ సరైనదైతే ఆ కాస్త మొగ్గే నీకు అర అడుగు మిగులుస్తుంది. తప్పైతే ఇంకా నడిమధ్యనే ఉంటావు, అందుకోగలవు. ప్రత్యర్థి ఆలస్యంగా, ఇబ్బందిగా షటిల్ దగ్గరకు చేరినప్పుడు మోసం చేయడానికి ఆమెకు సమయం ఉండదు, అప్పుడు ధైర్యంగా ముందే కదలవచ్చు. ఆమె తీరికగా, నిలకడగా షటిల్ కింద నిలబడి ఉంటే ఆగు. నా దృష్టిలో సింగిల్స్ ఆటలో అన్నిటికంటే విలువైన తెలివి ఇదే, ఇది వీడియో ముందు రాదు.

ఇంకొక జాగ్రత్త ఉంది. ఆమె గత మ్యాచ్‌లో ఎక్కువగా క్రాస్ డ్రాప్ ఆడిందని తెలిసి ఉండడం నీకు మేలు చేస్తుంది, కీడూ చేస్తుంది. మనసులో ఆ అంచనా గట్టిగా కూర్చుంటే, కళ్లెదుట కనిపిస్తున్న భుజం వేరే మాట చెబుతున్నా వినిపించుకోము. 19-19 దగ్గర ఎవరు ఏ షాట్‌ను నమ్ముకుంటారో గమనించి నోట్‌బుక్‌లో రాసుకో, అయితే ర్యాలీ మధ్యలో చేతికే ఎక్కువ విలువ ఇవ్వు. కళాశాలలో మోసగించి ఆడే అమ్మాయి ఎవరైనా ఉంటే వారానికి రెండు రోజులు ఆమెతోనే ఆడు. ఆ ఆటల్లో పాయింట్లు లెక్కపెట్టుకోవద్దు, ఎన్నిసార్లు తొందరపడి కదిలావో మాత్రమే లెక్కపెట్టుకో.

ప్రశ్న: మా అబ్బాయి ఇక్కడ టెన్నిస్ నేర్చుకుంటున్నాడు. కోచ్ సర్వ్ వీడియోలు చూపించి, బంతి ఏ వైపు వస్తుందో అడగకుండా, ఎంత వేగంగా వస్తుందో మాత్రం ఊహించమంటున్నారు. మెళకువలు ఏవీ చెప్పడం లేదు. ఫీజు వృథా అవుతోందా?
ఒక తల్లి, మెల్‌బోర్న్

జవాబు: వృథా కావడం లేదండి. ఈ పద్ధతి మీరు ఉంటున్న ఆస్ట్రేలియాలోనే పుట్టింది. డేమియన్ ఫారో, అబర్నెతీ 2002లో ప్రచురించిన పరిశోధనలో కుర్రాళ్ల ఒక బృందానికి సర్వ్ గుర్తులన్నీ చెప్పి నేర్పారు, మరో బృందాన్ని వేగం ఊహించమని మాత్రమే అడిగారు. వేగం ఊహించాలంటే బంతి ఎగరేయడం, భుజం, రాకెట్ అన్నీ శ్రద్ధగా చూడక తప్పదు. అలా చూస్తూ చూస్తూ, ఎవరూ చెప్పకుండానే, సర్వ్ ఎటు వస్తుందో చెప్పగలగడం వారికి మెరుగైంది. నియమాలు తలలో మోయకపోవడం వల్ల ఒత్తిడిలో తడబాటు తక్కువగా ఉంటుందన్నది ఈ పద్ధతి వెనక ఉన్న ఆలోచన.

అయితే ఆ పరిశోధనలోనే, శిక్షణ ఆపి నెల రోజులు గడిచాక చూస్తే ఆ లాభం నిలవలేదు. కాబట్టి కొన్ని వారాల కోర్సుగా పెట్టి వదిలేస్తున్నారా, లేక సీజన్ పొడుగునా కొనసాగిస్తున్నారా అని కోచ్‌ను అడగండి. వీడియో తరువాత నిజమైన సర్వ్‌లు ఆడిస్తున్నారో లేదో కూడా తెలుసుకోండి. మీరు ఇంట్లో కూర్చుని 'భుజం చూడు, చేయి చూడు' అని మాత్రం చెప్పకండి. కోచ్ కావాలనే చెప్పకుండా వదిలేసినది అదే.

ప్రశ్న: 58 ఏళ్ల వయసులో మళ్లీ టేబుల్ టెన్నిస్ మొదలుపెట్టాను. బంతి వేగం కంటే సర్వ్‌లో స్పిన్ నన్ను ఎక్కువగా ఇబ్బంది పెడుతోంది. ఇది కూడా పసిగట్టగలమా?
ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పసిగట్టవచ్చు. బల్ల పొడవు 2.74 మీటర్లే కాబట్టి అసలు పసిగట్టక తప్పదు కూడా. నిబంధనల ప్రకారం సర్వ్‌లో బంతిని కనీసం 16 సెంటీమీటర్లు ఎగరేయాలి, తగిలే క్షణంలో బంతిని శరీరంతోనో చేతితోనో దాచకూడదు. అందుకోబోయేవారు చూడగలగాలనే ఈ నియమం పెట్టారు. ఎగిరే బంతి వెంట తల ఎత్తకండి. బంతి ఎక్కడికి దిగి రాకెట్‌కు తగులుతుందో అక్కడే చూపు నిలిపి, తగిలే లిప్తలో రాకెట్ కిందికి కోస్తోందా, పక్కకా, పైకా అన్నది మాత్రమే చూడండి. తగిలిన తరువాత చేయి చేసే విన్యాసాలు చాలావరకు మిమ్మల్ని తప్పుదోవ పట్టించడానికే. బంతి మీది ముద్ర గాలిలో స్పష్టంగా కనిపిస్తే స్పిన్ తక్కువని, చెరిగిపోయినట్టు కనిపిస్తే ఎక్కువని తెలుసుకోవచ్చు. స్నేహితుణ్ణి రోజూ 30 సర్వ్‌లు చేయమనండి. బంతిని తిరిగి కొట్టకుండా పక్కకు వదిలేసి, స్పిన్ ఏదో పైకి చెప్పండి, అది ఒప్పో తప్పో ఆయనను వెంటనే చెప్పమనండి.